పెదవుల మాట

మస్తానత్తకు ఒంట్లో బాగలేదని, మంచం దిగడం మానేసిందని, రోజూ నన్నే అడుగుతోందని ఆమె మనవరాలు శిరీష ఫోన్ చేసింది. మరునాడు పొద్దున్నే నెల్లూరులో బస్సెక్కాను. వెంకటాచలం దాటేసరికి కిటికీ గాలికి కళ్ళు మూతలు పడ్డాయి. ఆ సగం నిద్రలో బస్సు ఇంజను మోత కాస్తా నూలుమిల్లు మోతగా మారిపోయింది. పొడుగాటి షెడ్డు, పైన రేకుల సందుల్లోంచి దిగే ఎండ, ఆ ఎండలో తేలుతూ తిరిగే దూదినూగు, ఆ నూగు మధ్యలో మా అమ్మ. ఏదో చెబుతోంది నాకు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నాయుడుపేట వచ్చిందని కండక్టరు పిలిచేదాకా నేను ఆ షెడ్డులోనే ఉండిపోయాను. చిన్నప్పుడు కూడా ఆ షెడ్డు లోపల అడుగు పెట్టింది లేదు. అమ్మ చెప్పగా చెప్పగా నాలో కట్టుకున్న షెడ్డు అది.

మస్తానత్త మాకు చుట్టం కాదు. మా అమ్మ సువార్తమ్మ, ఆమె ఎదురెదురు వరసల్లో మిషన్ల మీద పనిచేశారు. ఇద్దరూ పెళ్ళయిన కొత్తలో చేరి, మిల్లు మూతపడేదాకా అక్కడే ఉన్నారు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ షెడ్డులో చేసిన ఆడవాళ్ళలో నాకు తెలిసినంతలో ఇప్పుడు మిగిలింది మస్తానత్త ఒక్కటే. నేను పోయేసరికి వసారాలో మంచం మీద పడుకుని ఉంది. నన్ను చూడగానే లేచి కూర్చోబోయి, గొంతులోంచి ఏ చప్పుడూ లేకుండా, పెదవులతో మాత్రమే, "వచ్చినావామే? నీ కోసమే చూస్తా ఉండా" అంది. నేనూ అట్లాగే, చప్పుడు లేకుండా, "వచ్చినా అత్తా" అన్నాను. ఆ మాట మాట్లాడి ఎన్నేళ్ళయిందో. నా పెదవులు మరిచిపోలేదు.

ఆ మాట మిల్లులో పుట్టింది. మిషన్లన్నీ తిరుగుతున్నప్పుడు పక్కన నిలబడి చెవిలో అరిచినా వినపడేది కాదట. అందుకని ఆడవాళ్ళంతా ఒకరి నోరు ఒకరు చూసి మాట్లాడుకునేవాళ్ళు. పెదవులు కొంచెం సాగదీసి, కొంచెం నిదానంగా, దానికి తోడు రెండు వేళ్ళతో చిన్న సైగ. కూర ఏం చేశావు, పిల్లోడికి జ్వరం తగ్గిందా, మేస్త్రీ వస్తున్నాడు జాగ్రత్త, అన్నీ అట్లాగే. అమ్మ ఆ మాటను ఇంటికి తెచ్చింది. డ్యూటీ దిగి వచ్చినాక చాలాసేపు అమ్మకు గొంతు వాడాలని గుర్తుండేది కాదు. మేం అక్కచెల్లెళ్ళం పుట్టిన దగ్గరనుంచి ఆ పెదవుల్ని చూసి పెరిగినవాళ్ళం కాబట్టి మాకది వింతగా ఉండేది కాదు. అందరి ఇళ్ళలోనూ అమ్మలు అట్లాగే మాట్లాడతారనుకునేవాళ్ళం. గొంతు వాడినప్పుడు మాత్రం వీధి చివర్దాకా వినపడేది. ఉప్పు అందుకోమని చెప్పినా ఎవరితోనో కొట్లాడుతున్నట్టు ఉండేది. కొత్తగా బాడుగకు దిగినవాళ్ళు, ఈ ఇంట్లో ఏంది ఎప్పుడూ గొడవ అని మా నాయనమ్మను అడిగేవాళ్ళు. "గొడవేం లేదమ్మా, మా కోడలు మిల్లులో చేస్తాది" అని చెప్పేది నాయనమ్మ. ఆ చుట్టుపక్కల ఆ జవాబు సరిపోయేది.

మిల్లు కూతను బట్టే మా ఇల్లు నడిచేది. పొద్దున కూతకు అమ్మ వాకిట్లో ఉండాలి, చద్దన్నం డబ్బా చంకలో ఉండాలి. సాయంత్రం కూతకు నాయనమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టాలి. అమ్మ లోపలికి వస్తూనే ఒక వాసన వచ్చేది, మిషన్ నూనె, చెమట, కొబ్బరినూనె, పచ్చి దూది కలిసిన వాసన. కనుబొమల మీద, చెవుల మీది సన్నటి వెంట్రుకల మీద తెల్లటి నూగు. నేరుగా పెరట్లోకి పోయి పీట మీద కూర్చునేది. నాయనమ్మ వెనకాల నిలబడి చెక్క దువ్వెనతో ఆ నూగంతా దువ్వి తీసేది. దువ్వెన పళ్ళలోంచి తీసిన దూదిని ఉండ చేసి గోడ మీద పెడితే పిచ్చుకలు ఎత్తుకుపోయేవి. చలికాలంలో ఆ వేళకే పులికాట్ వైపు పోయే పెద్ద కొంగలు ఆకాశంలో బారులు తీరి కనపడేవి. అవి అరుస్తూ పోతాయి గదా, మేం తల ఎత్తి చూసేవాళ్ళం. అమ్మ మా మొహాలు చూసి, ఆ తర్వాత తానూ తల ఎత్తేది. అమ్మ ఎందుకు ఎప్పుడూ మా వెనకే తల ఎత్తుతుందో అప్పుడు మాకు తట్టలేదు.

మా నాయన దర్జీ. ఇంటి ముందరి గదే అంగడి. సన్నటి మనిషి, మాట కూడా సన్నగానే ఉండేది. అమ్మకు రాత్రి డ్యూటీ పడిన వారాల్లో పగటిపూట నిద్రపోవాలి. ఆమెకు చప్పుడు లేకుంటే నిద్ర పట్టేది కాదు. ఎండాకాలం మధ్యాహ్నం వీధంతా సద్దుమణిగి ఆకు కూడా కదలకుండా ఉంటే, చాప మీద అటూ ఇటూ దొర్లేది, లేచి కూర్చునేది, ఊరికే చిరాకు పడేది. ఒకరోజు నాయన ఏమనుకున్నాడో, కుట్టుమిషన్‌ను ఈడ్చుకొచ్చి ఆమె చాప పక్కన పెట్టాడు. సూది తీసేశాడు, దారం లేదు, గుడ్డ లేదు. ఉత్త మిషన్‌ను కాలితో తొక్కుతూ కూర్చున్నాడు. నేలలోంచి ఆ అదురు చాపకు తగిలి కాసేపటికి అమ్మ నిద్రపోయింది. ఆపితే లేస్తుందని ఆయన తొక్కుతూనే ఉన్నాడు, ఒక చేత్తో గుండీలు చూసుకుంటూ. ఆ తర్వాత అది మా ఇంట్లో మామూలైపోయింది. ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ ఒక కలలాగే ఉంటాయి. గది నిండా పసుపురంగు వెలుతురు, నాయన కాలు పైకీ కిందికీ, చల్లటి నేల మీద మేం బోర్లా పడుకుని, అమ్మ ఊపిరిని లెక్కపెట్టకుండా వింటూ ఉండటం.

అమ్మ పాట గురించి చెప్పాలి. మా గుడిలో, అంటే చర్చిలో, పాట ఎత్తేది అమ్మే. హార్మోనియం వాయించేవాళ్ళు మారుతుండేవాళ్ళు గానీ పాట మాత్రం అమ్మ గొంతులోంచే మొదలయ్యేది. కళ్ళు మూసుకుని, చెంగు తలమీదికి లాక్కుని పాడేది. ఆరు రోజులు మిల్లులో నలిగిన మనిషి ఆదివారం పొద్దున అట్లా ఎట్లా పాడుతుందో అని మా నాయనమ్మ ఆశ్చర్యపోయేది. ఆ గొంతు మెల్లమెల్లగా దారి తప్పింది. ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ముందు పై స్వరాల దగ్గర కొంచెం జారేది. తర్వాత హార్మోనియం ఒక దారి, అమ్మ ఒక దారి. ముందు వరసలో పిల్లలు నవ్వు ఆపుకోలేక ఒకరినొకరు మోచేతులతో పొడుచుకునేవాళ్ళు. అమ్మ కళ్ళు మూసుకునే ఉండేది కాబట్టి చూడలేదు.

ఒక సోమవారం పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చారు. మంచి మనిషి. చాలాసేపు మా చదువుల గురించీ నాయనమ్మ మోకాళ్ళ గురించీ మాట్లాడి, ఆఖరికి అమ్మ చెయ్యి పట్టుకుని, "సువార్తమ్మా, వారమంతా కష్టపడతావు. ఇకనుంచి పాట నేనెత్తుతాలే. నువ్వు కాస్త విశ్రాంతిగా ఉండు" అన్నారు. ఆమె చిన్నగా అన్నా అమ్మకు ఆ పెదవులు చదవడం కష్టమేం కాదు. "సరేనమ్మా" అంది. ఆ తర్వాత నుంచి గుడిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని నోరు మూసుకుని నిలబడేది. నాయన ఆమెను నెల్లూరు తీసుకుపోయి చెవి డాక్టరుకు చూపించాడు. చెవిలో నరాలు అరిగిపోయినాయి, పోయింది తిరిగి రాదు, ఆ మోతలోనుంచి బయటికి వస్తే ఉన్నదన్నా నిలుస్తుంది అన్నాడట ఆయన. బయటికి వస్తే ఇల్లు ఎట్లా నిలుస్తుందో డాక్టరు చెప్పలేడు గదా. అమ్మ మళ్ళీ డ్యూటీకి పోయింది. ఇంట్లో ఇక ఎప్పుడూ పాట ఊసు ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మిల్లుకు కొత్త మేనేజరు వచ్చాడు. అదివరకు ఒక్కొక్క మనిషి రెండు మిషన్లు చూసుకునేది. ఆయన వచ్చి నాలుగు చేశాడు. తెగిన పోగు అతుకుతుంటే అవతల ఇంకోటి తెగుతుంది. అటు పరిగెత్తితే ఇటు తెగుతుంది. నీళ్ళు తాగేదానికి పోతే మేస్త్రీ వెనకాలే వచ్చి భుజం మీద తట్టి పిలిచేవాడు, ఎందుకంటే పిలిస్తే వినపడదు. ఆ తట్టడానికి అమ్మ ఎంత బెదిరిపోయిందంటే ఇంట్లో మేం వెనకనుంచి ముట్టుకున్నా ఉలిక్కిపడి చేతిలో ఉన్నది జారవిడిచేది. అన్నం కలుపుతూ కలుపుతూ కుడిచేతి వేళ్ళు వాటంతటవే పోగు అతికినట్టు మెలిపడేవి. నవ్వడం తగ్గిపోయింది. ఒకసారి చెల్లెలు పలక కింద పడేస్తే, ఆ అదురు కాలికి తగిలి, ఏం జరిగిందో తెలియక బిగ్గరగా ఏడ్చేసింది అమ్మ. మేం ఏడవాల్సిన చోట అమ్మ ఏడ్చేసరికి మాకేం చెయ్యాలో తోచలేదు.

ఆ రోజుల్లోనే మస్తానత్తకు దెబ్బ తగిలింది. నూలు చుట్టిన బాబిన్లు మోసే ఇనప తోపుడుబండి సందులో వేగంగా వస్తోంది. బండి తోసే మనిషికి ఎదురుగా బాబిన్ల గుట్ట అడ్డం, మస్తానత్త వంగి పోగు అతుకుతోంది. ఆయన అరుస్తూనే వస్తున్నాడట. ఆ అరుపు ఆయనకే వినపడి ఉండదు. అవతల వరసలోంచి అమ్మ చూసింది. "మస్తానా!" అని తానూ అరిచింది. బండి నడుము మీద తగిలి మస్తానత్త మిషన్ కాళ్ళ దగ్గర పడిపోయింది. మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ చివర ఎవరికీ ఏమీ తెలియదు.

అమ్మ పరిగెత్తుకొచ్చి ముందు మస్తానత్త మిషన్లు ఆపింది, తర్వాత తనవి ఆపింది. పక్క వరస ఆవిడ చూస్తే పెదవులతో "ఆపండి" అంది. ఆవిడ ఆపి తన పక్కావిడకు చెప్పింది. ఆ ఒక్క మాట చప్పుడు లేకుండా నోటినుంచి నోటికి షెడ్డు చివర్దాకా పోయింది. వరస వెనక వరస ఆగిపోతూ వచ్చింది. అన్నీ ఆగినాక రేకుల మీద పావురాలు నడిచే చప్పుడు వినపడిందని, ఆ షెడ్డులో పావురాలు ఉన్నాయని చాలామందికి అప్పుడే తెలిసిందని తర్వాత చెప్పుకునేవాళ్ళు. ఆ నిశ్శబ్దంలో మస్తానత్త మూలుగు అందరికీ వినపడింది. అమ్మకు మాత్రం వినపడలేదు. మస్తానత్త మొహం చూసి తెలుసుకుంది.

మేస్త్రీ వచ్చి అలవాటుకొద్దీ గొంతు చించుకున్నాడు. "ఎవురు ఆపమన్నది? ఎవురు?"

"అరవబాకయ్యా. ఇప్పుడు అందరికీ వినపడతా ఉండాది" అంది అమ్మ. "నేనే ఆపినా. ముందు ఆమెను ఆస్పత్రికి తీసకపోండి. ఒక్క మనిషికి నాలుగంటే మావల్ల కాదు. వెనక ఏమొస్తా ఉండాదో చూసుకునేదానికి కూడా లేదు మాకు."

మస్తానత్తను జీపులో నెల్లూరు పంపించారు. మిగతా ఆడవాళ్ళు మిషన్ల మధ్యనే కింద కూర్చున్నారు. తర్వాత షిఫ్టు వాళ్ళు వచ్చి, సంగతి తెలుసుకుని, వాళ్ళూ పక్కనే కూర్చున్నారు. ఆఖరికి మేనేజరు దిగొచ్చి నాలుగును మూడు చేశాడు. రెండు మాత్రం చెయ్యలేదు. ఇక ప్రమాదాలు జరక్కుండా తోపుడుబండికి ఒక గంట కట్టించాడు. ఆ సంగతి చెప్పి అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. గంట ఎవరికి వినపడాలి? మళ్ళీ అందరూ పోయి అడిగితే ఎర్ర బల్బు పెట్టించారు. మిషన్లు ఆపించినందుకు అమ్మను షెడ్డులోంచి తీసేసి గోడౌన్లో పడేశారు. అక్కడ నూలు చిలపలు మూటగట్టే పని. చప్పుడు లేదు, పరుగు లేదు. వాళ్ళు శిక్ష అనుకున్నారు. మేం మాత్రం దేవుడు ఇట్లా మేలు చేశాడని నాయనమ్మతో కలిసి ప్రార్థన చేసుకున్నాం.

అమ్మ మాత్రం బాగుపడలేదు. ఆ మోత లేకపోయేసరికి చెవుల్లో ఉన్న మోత బయటికి వచ్చింది. "ఇంట్లో కీచురాయి దూరినట్టుండాది, చూడండి" అనేది. నాయనమ్మ పొరకతో మూలమూలా వెతికేది. డబ్బాలు జరిపి, మంచం ఎత్తి చూసేవాళ్ళం. కీచురాయి ఎక్కడా లేదు. అన్నం సరిగ్గా తినేది కాదు. కొన్నాళ్ళకు ఆమే మేనేజరు దగ్గరికి పోయి, నన్ను మళ్ళీ షెడ్డులోకి మార్చండి అని బతిమాలుకుంది. ఆ రోజు నాయన అమ్మ మీద గొంతు పెంచాడు. నాకు తెలిసి అదొక్కసారే. "నీకేమన్నా మతి పొయిందా? డాక్టరు ఏం చెప్పినాడు? ఆ మోతలోకి నువ్వే పోయి పడతావా?" అన్నాడు. అమ్మ తల వంచుకుని, "నాకు ఆడే బాగుంటాది" అంది. ఇంకేమీ చెప్పలేదు. చెయ్యి తిరిగిన మనుషులు వాళ్ళకూ కావాలి కాబట్టి తీసుకున్నారు. మొదటిరోజు డ్యూటీ దిగి వచ్చి నూగు తలతో పీట మీద కూర్చున్న అమ్మ మొహం కుదుటపడి ఉంది. మాకు అర్థం కాలేదు. నాయన చనిపోయేదాకా ఆయనకూ అర్థం కాలేదు. అలవాటైన మోత లేక ఉండలేకపోయిందని సరిపెట్టుకున్నాడు. నేనూ ఇన్నాళ్ళూ అట్లాగే సరిపెట్టుకున్నాను.

మొన్న మస్తానత్త వసారాలో పాత సంగతులు మాట్లాడుకుంటూ ఆ మాటే అన్నాను. "అంత దెబ్బ తిని కూడా నువ్వూ అమ్మా మళ్ళీ ఆ మోతలోకే పోయినారు చూడత్తా" అని. మస్తానత్త ఈసారి గొంతుతోనే చెప్పింది, పగిలిన గొంతుతో, పెద్దగా.

"నాకు పొట్టకూటికి. మీ అమ్మకు పాటకు."

"ఏం పాట?"

"నీకు తెలవదా? మీ అమ్మ షెడ్డులో పాడతా ఉండేది గదా. గుళ్ళో వద్దన్నారంట. అప్పట్నించి ఈడ మొదలుపెట్టింది. మిషన్లు ఎత్తుకోంగానే నోరంతా తెరిచి పాడేది. ఎవురికి వినపడతాది? ఆమెకే వినపడదు. తప్పొచ్చిందని నవ్వేదానికి ఎవురుండారు? గోడౌన్లో అట్టా కుదరదు గదా. ఆడ అందరికీ చెవులుండాయి."

మస్తానత్త చెబుతూనే ఉంది. "నేను ఎదురు వరసలో నిలబడి చూస్తా ఉంటి. మీ గుడికి నేను ఒక్కనాడన్నా వచ్చిందాన్ని కాదు. మీ అమ్మ నోరు చూసి చూసి పాటలన్నీ నాకు వచ్చేసినాయి."

"చూస్తున్నట్టు అమ్మకు చెప్పినావా అత్తా?"

"చెప్పలా. చెప్తే సిగ్గుపడి మానేస్తాది గదా."

అని, కళ్ళు మూసుకుని, పెదవులు కదపడం మొదలుపెట్టింది. గొంతు లేదు. పెదవులు విచ్చుకుంటున్నాయి, కలుస్తున్నాయి, 'ప్రభువా' అనే మాట దగ్గర ఒకసారి ఒత్తుకుని విడిపోతున్నాయి. తెల్లవారుజాము ఆరాధనలో అమ్మ ఎత్తే పాట అది. ఒక్క మాట పొల్లుపోలేదు. చరణం చివర అమ్మ గడ్డం పైకెత్తే తీరు కూడా అట్లాగే వచ్చింది. అమ్మ పోయినాక ఆమె మొహం నాకు ఫొటోలో తప్ప ఎక్కడా కనపడలేదు. మస్తానత్త నోటి దగ్గర కాసేపు కనపడింది.

పాట అయినాక కళ్ళు తెరిచి, "మాటలన్నీ ఉండాయి నాకాడ. రాగం లేదు. మిల్లులో వినపడలా, ఇప్పుడు చెవులే లేవు. నువ్వు పాడు" అంది.

"నీకు వినపడదు గదత్తా."

"చెయ్యి పెట్టి చూస్తాలే."

ఎండిపోయిన అరచెయ్యి తెచ్చి నా గొంతు మీద పెట్టింది. నేను అమ్మలాగా పాడేదాన్ని కాదు, ఎప్పుడూ. అయినా మొదలుపెట్టాను. మస్తానత్త నా పెదవులు చూస్తూ, వేళ్ళతో నా గొంతు కదలిక చూస్తూ, నాతోపాటు నోరు కదిపింది. రాగం పైకి పోయినప్పుడు ఆమె కనుబొమలు పైకి లేచాయి. కిందికి దిగినప్పుడు తలూపింది, ఓహో ఇట్టానా అన్నట్టు.

సగంలో శిరీష డ్యూటీ నుంచి వచ్చింది. ఊరి బయట కొత్తగా వచ్చిన కంపెనీల్లో ఒకదాంట్లో చెప్పులు కుట్టే లైన్లో చేస్తోంది. యూనిఫాం మార్చుకోకుండానే గడపలో నిలబడి చూసింది. పాట అయినాక విషయమంతా చెబితే, మంచం పట్టె మీద కూర్చుని తన పని సంగతి చెప్పింది. వాళ్ళ కంపెనీలో చెవుల్లో పెట్టుకునేదానికి మెత్తటి బిరడాలిస్తారట. ఏడాదికోసారి చెవులు పరీక్ష చేస్తారట. మా అమ్మకు అవి ఉంటే ఎంత బాగుండేదో అన్నాను. మనసులోంచే అన్నాను.

"చెవులు బాగానే ఉండాయి పెద్దమ్మా" అంది శిరీష. "నిద్రే రాదు. లైన్ ముందర బోర్డు ఉంటాది. ఎన్ని అయినాయో, ఎన్ని కావాలో దాంట్లో ఎర్రగా పడతా ఉంటాది. కళ్ళు మూసుకుంటే అదే. చెవుల్లో బిరడాలు, మూతికి గుడ్డ. పక్కన నిలబడే పిల్ల ఆరు నెలల్నించి నా పక్కనే ఉండాది. ఆ పిల్ల నోరెట్టుంటాదో నాకు తెలవదు. ఏమన్నా పాడుకుంటా ఉన్నా నాకెట్టా కనపడతాది?"

మస్తానత్తకు ఆ మాటలు వినపడలేదు గానీ మనవరాలి మొహం చదివింది. చెయ్యి చాచి తల తన ఒళ్ళోకి లాక్కుంది. శిరీష కాదనలేదు. కాళ్ళు ముడుచుకుని మంచం మీద ఒదిగి పడుకుంది. మస్తానత్త రెండో చెయ్యి తెచ్చి మళ్ళీ నా గొంతు మీద పెట్టి, ఇంకో పాట పేరు పెదవులతో చెప్పింది. అయిదింటి బస్సు అందుకోవాలంటే నేను అప్పుడే లేవాలి. లేవలేదు. రెండో చరణంలో శిరీష ఊపిరి నిదానించింది. మూడో చరణానికి నిద్రపోయింది. మస్తానత్త ఆపొద్దని సైగ చేసింది.